సమానమైన కార్లు, సమానం కాని పందెం

కారు అమ్మేవారి కరపత్రంలో అన్నిటికంటె పెద్ద అక్షరాలతో అచ్చయ్యే అంకె అశ్వశక్తి. ఒక కారుకు 116 అశ్వశక్తి, మరొకదానికి 300 అశ్వశక్తి ఉన్నదంటే, రెంటినీ పందెంలో నిలబెడితే ఏది గెలుస్తుందో వేరే చెప్పనక్కరలేదనిపిస్తుంది. సొంత డబ్బు పెట్టుకొని, సెలవు దినాలలో మాత్రం పందెంలో దిగే ఔత్సాహికుడు తన మొదటి కారు ఎన్నుకొనేటప్పుడు తప్పుదారి పట్టేది సాధారణంగా ఇక్కడనే. దీనికి విరుగుడుగా అమెరికాలోని మోటారు క్లబ్బులు కల్పించిన ఏర్పాట్లలో బాగా వ్యాప్తిలోకి వచ్చినది ‘స్పెక్ మియాటా’ అనే తరగతి. అందరికీ ఒకే రకం కారు, ఒకే రకం టైర్లు, ఒకే రకం స్ప్రింగులు. ఇక మిగిలే తేడా నడిపేవాని నేర్పు ఒక్కటే అని దాని వాదం. ఈ వాదం చాలా మట్టుకు మెచ్చదగినదే. అయితే భౌతికశాస్త్రం దృష్టితో చూచినప్పుడు అందులో రెండు మూడు పగుళ్లు కనిపిస్తాయి. కారు కొనబోయేవానికి ఆ పగుళ్లు తెలియడం చాలా అవసరం.

ముందుగా ఒక మాట. క్లబ్బుల రోడ్ రేసింగు అంటే జనం తిరిగే రోడ్ల మీద పరుగెత్తడం కాదు. ప్రత్యేకంగా వేసి, చుట్టూ మూసివేసిన బాట మీద ఎడమకూ కుడికీ మలుపులు తిరుగుతూ, ఎత్తుపల్లాలు దాటుతూ సాగే పందెం అది. తిన్నని బాట మీద కొద్ది క్షణాలలో ముగిసిపోయే పరుగుకూ దీనికీ పోలిక లేదు. మలుపు దగ్గర వేగం తగ్గించాలి, మలుపు తిరగాలి, మళ్లీ వేగం పుంజుకోవాలి. ఈ మూడింటిలో ఇంజనుకు పూర్తి పని ఉండేది మూడవదానిలో మాత్రమే.

మొదటిదానిని తీసుకొందాము. నడిపేవానితో కలిపి 1,100 కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు ముందు 80 కిలోమీటర్లకు తగ్గినదనుకొందాము. వేగాలను సెకనుకు మీటర్లలోకి మార్చి గతిజ శక్తిలోని తేడా కడితే సుమారు 8 లక్షల 15 వేల జౌళ్లు వస్తుంది. ఇదంతా బ్రేకులలో వేడిగా మారవలసినదే. ఇది 30 డిగ్రీల దగ్గర ఉన్న రెండుముప్పావు లీటర్ల నీటిని మరిగే స్థితికి తేగల వేడి. మూడు నాలుగు సెకన్లలో పుట్టి, ఇనుప బిళ్లల మీద పడుతుంది. ఆ బిళ్లలు చల్లారేలోగానే తరువాతి మలుపు వస్తుంది. కారు బరువు ఒకటిన్నర రెట్లయితే వేడి కూడ ఒకటిన్నర రెట్లే. 300 అశ్వశక్తి గల బరువైన కారు తిన్నని బాట మీద ఇంకా ఎక్కువ వేగం అందుకొంటుంది. వేగం వర్గంతో శక్తి పెరుగుతుంది గనుక బ్రేకుల పాట్లు రెండు విధాల పెరుగుతాయి. బలమైన కారుతో బయలుదేరిన కొత్తవాడు పందెం సగంలోనే బ్రేకులు పట్టు తప్పి వెనుకబడటానికి కారణం ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

రెండవది మలుపు. ఇది పదవ తరగతి దాటిన విద్యార్థికి పరిచయమైన లెక్కే గాని, ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. టైరుకూ నేలకూ మధ్య ఘర్షణే అభికేంద్ర బలాన్ని ఇస్తుంది. ఆ సమీకరణంలో ద్రవ్యరాశి రెండు వైపులా వచ్చి కొట్టుకుపోతుంది. ఘర్షణ గుణకం 1, మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు అయితే గరిష్ఠ వేగం గంటకు సుమారు 80 కిలోమీటర్లు. తేలిక కారైనా లారీ అయినా ఇదే అని పాఠ్యపుస్తకం చెబుతుంది. నిజానికి అలా జరగదు. ఘర్షణ గుణకం బరువు మీద ఆధారపడదన్న సూత్రం గట్టి వస్తువుల విషయంలో దాదాపు చెల్లుతుంది. రబ్బరు టైరు విషయంలో చెల్లదు. టైరు మీద భారం పెరిగినకొద్దీ పట్టు పెరుగుతుంది గాని, భారంతో సమానంగా పెరగదు. అంటే గుణకం తగ్గుతూ పోతుంది. బరువైన కారుకు గుణకం 1 నుంచి 0.9కి పడిపోయినదనుకొంటే, అదే మలుపులో దాని వేగం 75 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. నాలుగున్నర కిలోమీటర్లు లేని తేడా అల్పంగా కనిపించవచ్చు. సమకోణం తిరిగే ఆ మలుపు పొడవు సుమారు 78 మీటర్లు. దానిలో పోయేది సెకనులో అయిదవ వంతు. అటువంటి మలుపులు చుట్టుకు పది ఉంటే దాదాపు రెండు సెకన్లు, ఇరవై చుట్లకు అరనిమిషం పైన. పైగా మలుపు నుంచి తక్కువ వేగంతో బయటపడినవాడు ఆ తరువాతి తిన్నని బాటను కూడ తక్కువ వేగంతోనే మొదలుపెడతాడు.

ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో చెప్పినప్పుడు, ద్రవ్యరాశి కొట్టుకుపోవడం దగ్గర ఆపివేయక, టైరు దగ్గర సూత్రం ఎందుకు సడలుతుందో కూడ చెబితే బాగుంటుంది.

కాబట్టి తేలిక కారు కొంటే చాలునా? చాలదు. క్లబ్బు పందెంలో గెలవగల కారు అన్న మాటకు విడిగా అర్థం లేదు. కార్లను ఇంజను పరిమాణాన్ని బట్టి, బరువును బట్టి, మార్పులకు ఇచ్చే అనుమతిని బట్టి క్లబ్బు తరగతులుగా విభజిస్తుంది. ఒక తరగతిలో అందరికంటె ముందుండే కారు, నిబంధనల పుస్తకంలో ఒక పంక్తి మారితే చివరికి పోవచ్చు. కారును ఎన్నుకోవడమంటే నిజానికి ఒక నిబంధనావళిని ఎన్నుకోవడమే. దీనికి చక్కని ఉదాహరణ ఇంగ్లండులో జరిగినది.

1939లో అక్కడ ఏర్పడిన 750 మోటార్ క్లబ్బు, ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారు అభిమానుల సంఘం. ఆ కారు ఇంజను 747 ఘన సెంటీమీటర్లు. యుద్ధానంతరం డబ్బు లేని యువకులు ఈ పాత కార్లను కొని, విప్పి, తేలికచేసి పందేలకు దిగేవారు. 1951లో కోలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు, లోటస్ మార్క్ 3 అని పేరు పెట్టిన తన కారుతో వచ్చి అందరినీ వెనుకకు నెట్టినాడు. రహస్యం ఇంజనులోనికి గాలి పోయే దారిలో ఉన్నది. ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి దారులు రెండే. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకే దారిని పంచుకోవాలి. ఆ రెండూ ఒకదాని వెనుక ఒకటి వెంటవెంటనే పీలుస్తాయి. తరువాత చాలాసేపు ఆ దారి ఖాళీ. ఒకటి పీల్చుకొనే మిశ్రమంలో రెండవది వాటా లాగుకొంటుంది. చాప్‌మన్ ఆ ఉమ్మడి దారి మధ్య ఒక అడ్డుపలక పెట్టి, ఏ సిలిండరు దారి దానికి చేసినాడు. ఇంజను పరిమాణం మారలేదు, నిబంధన ఏదీ తప్పలేదు, శక్తి మాత్రం పెరిగినది. క్లబ్బు వెంటనే నిబంధన మార్చి ఆ ఉపాయాన్ని నిషేధించినది. ఆ ఏడు చాప్‌మన్‌ను చూచి అదే పద్ధతిలో డబ్బు పెట్టినవాడెవడైనా ఉంటే, మరుసటి ఏడు వాని కారు పనికిరాకుండ పోయినట్లే.

అప్పటి నుంచీ క్లబ్బుల ముందున్న సమస్య ఒక్కటే: తెలివికి చోటిస్తే తెలివి వెంట డబ్బు వస్తుంది, డబ్బున్నవాడు గెలుస్తాడు, లేనివాడు ఆట మానుకొంటాడు. దీనికి మార్గం అందరికీ ఒకే యంత్రం ఇవ్వడమని తోచినది. ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలతో చేసిన ఫార్ములా వీ కార్లకు అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు 1963లో గుర్తింపు ఇచ్చినది. 1967 జులైలో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ బాట మీద ఫార్ములా ఫోర్డ్ మొదలైనది. మన దేశంలోనూ ఈ ఆలోచన అమలైనది. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో చోళవరం దగ్గర, యుద్ధకాలపు విమానాల బాట మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ల తరబడి పందేలు నడిపినది. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట వేసుకొన్నది. మారుతి 800 కారులోని 796 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో తయారైన ఫార్ములా మారుతి కార్ల మీదనే ఎందరో భారతీయ యువకులు పందెపు ఓనమాలు దిద్దినారు.

స్పెక్ మియాటా వీటికి తమ్ముని వంటిది. జపాను కంపెనీ మాజ్దా 1989లో షికాగో ప్రదర్శనలో ఎమ్.ఎక్స్-5 మియాటా అనే రెండు సీట్ల కారును చూపినది. ఇంజను 1.6 లీటర్లు, 116 అశ్వశక్తి. కారు బరువు టన్నుకు లోపల. ఇంజను ముందున్నా, ముందు చక్రాల ఇరుసుకు వీలైనంత వెనుకగా జరిపి అమర్చినందున ముందు వెనుకల బరువు దాదాపు సమానంగా పంచబడినది. నాలుగు చక్రాలకూ జోడు భుజాల సస్పెన్షన్ ఉన్నందువల్ల, కారు ఒరిగినప్పటికీ టైరు నేలకు చదునుగా ఆని ఉంటుంది. పైన చెప్పిన బ్రేకుల లెక్కకూ మలుపు లెక్కకూ సరిపోయేటట్లు చేసిన కారు అది. పందెం కోసం కాదు, విహారం కోసమే చేసినారు; అయినా గుణం ఒక్కటే. 2016 నాటికి ఇటువంటివి పది లక్షలు తయారైనందున పాతవి చవకగా, విడిభాగాలు విరివిగా దొరికినవి. 1990 నుంచి 2005 వరకు వచ్చిన మొదటి రెండు తరాల కార్లతో ఏర్పడిన ఈ తరగతి 2006 నుంచి అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు జాతీయ పోటీలలో చేరినది.

ఇంతవరకు మెచ్చుకోవలసిందే. ఇక పగుళ్ల సంగతి.

‘ఒకే కారు’ అన్న మాటలోనే మొదటి పగులు ఉన్నది. 1990 నాటి 1.6 లీటర్ల కారూ, 1994లో వచ్చిన 1.8 లీటర్ల కారూ, 1999 తరువాతి రెండవ తరం కారూ ఒకటి కావు, శక్తిలో తేడాలున్నాయి. ఈ తేడా చెరపడానికి క్లబ్బు రెండు పనులు చేస్తుంది. బలమైన కారు గాలి దారికి చిన్న రంధ్రం గల పలక బిగించి దాని గొంతు కొంచెం నొక్కుతుంది. బలహీనమైన కారును తక్కువ బరువుతో పరుగెత్తనిస్తుంది. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని శక్తినీ బరువునూ ఒకదానికి బదులు మరొకటి తూచవచ్చునా?

ఒక కారు శక్తి 100 పాళ్లు, బరువు 100 పాళ్లు అనుకొందాము. రెండవదాని శక్తి 95, బరువు 95. తక్కువ వేగంలో గాలి నిరోధం లెక్కకు రాదు. రెండు కార్ల త్వరణమూ సమానమే. వేగం పెరిగినకొద్దీ గాలిని చీల్చడానికి ఖర్చయ్యే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. కార్ల ఆకారం ఇంచుమించు ఒక్కటే గనుక రెంటికీ ఆ ఖర్చు ఒక్కటే. ఆ ఖర్చు 50 పాళ్లకు చేరిన వేగం దగ్గర చూస్తే, మొదటి కారుకు మిగిలినవి 50 పాళ్లు, రెండవదానికి 45. దీనిని 95 పాళ్ల బరువుకు పంచితే 47 పై చిల్లర మాత్రమే. మొదటిదాని కంటె త్వరణం నూటికి అయిదు తక్కువ. మలుపులలో, బ్రేకుల దగ్గర మాత్రం తేలిక కారుదే పైచేయి.

దీని ఫలితమేమంటే, న్యాయం బాటను బట్టి మారుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రోడ్ అమెరికా బాట పొడవు ఆరున్నర కిలోమీటర్లు. దీర్ఘమైన తిన్నని భాగాలున్నవి. కాలిఫోర్నియాలోని లగూనా సేకా బాట 3.6 కిలోమీటర్లే; మలుపుల మయం. ఒకచోట సమానమైన జోడీ రెండవచోట సమానం కాదు. క్లబ్బు అధికారులు ఏళ్లు గడిచినకొద్దీ ఈ బరువులనూ పలకలనూ మారుస్తూ రావడంలో వింత లేదు. ఆ తక్కెడ ముల్లు ఒకచోట నిలిచేది కాదు. కనుక కొనేవాడు ‘మియాటా మంచిదేనా’ అని గాక, ‘ఇంటికి దగ్గరగా ఉన్న బాట మీద ఏ సంవత్సరపు మియాటా మంచిది’ అని అడగవలసి ఉన్నది. ఇక కనీస బరువు నడిపేవానితో కలిపి తూచేదే. బక్కపలచని మనిషి తక్కువైన బరువును సీసపు దిమ్మలతో నింపుకొని, వాటిని వీలైనంత క్రిందుగా బిగించుకొంటాడు. భారీ మనిషికి ఆ వసతి లేదు. అందుచేత బలహీనమైనా తేలికైన 1.6 లీటర్ల కారు ఎత్తరి, బరువరి అయినవానికి చవకలో దొరికినా లాభం లేదు. అనుమతించిన కనీస బరువుకు అతడు దిగనేలేడు.

రెండవ పగులు ఇంతకంటె లోతైనది. 2014లో ఈ క్లబ్బు జాతీయ పోటీలు లగూనా సేకాలో జరిగినవి. స్పెక్ మియాటా పందెం ముగిసిన తరువాత ఇంజన్లు విప్పి చూస్తే, ముందు వరుసలో వచ్చిన పలు కార్ల సిలిండర్ హెడ్లు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నవని తేలి, వాటిని పోటీ నుంచి తొలగించినారు. తప్పు ఎక్కడ? గాలి లోనికి పోయే దారిలో, కవాటం పీఠానికి కొంచెం క్రింద. కర్మాగారంలో అచ్చుపోసిన దారికీ, తరువాత కోతపెట్టిన భాగానికీ మధ్య ఒక చిన్న అంచు మిగులుతుంది. గాలి మలుపు తిరిగేచోట ఆ అంచు ఉంటే ప్రవాహం గోడను వదిలి సుడులు తిరుగుతుంది. అంచును నునుపు చేస్తే ఎక్కువ గాలి, ఎక్కువ గాలితో కొంచెం ఎక్కువ శక్తి. చాప్‌మన్ అడ్డుపలక పెట్టిన అరవైమూడేళ్లకు, అట్లాంటిక్ అవతల, మళ్లీ అదే గాలి దారి దగ్గర తగవు వచ్చినది!

ఈ సంగతి విని, ఆ పని చేసినవారందరూ మోసగాళ్లని తోసివేయడం తేలిక. కాని విమర్శ నిబంధన మీద కూడ ఉండాలి. వేల సంఖ్యలో తయారయ్యే ఇంజన్లలో ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. పిస్టన్ బరువు, దారి వెడల్పు, సంపీడన నిష్పత్తి అన్నీ అనుమతించిన హద్దుల మధ్య కొద్దికొద్దిగా మారుతూనే ఉంటాయి. పది ఇంజన్లు కొని, కొలిచి, మేలైన భాగాలు ఏరి ఒక ఇంజను కూర్చడం నేరమూ కాదు, పైకి కనిపించేదీ కాదు. డబ్బు మాత్రం కావాలి. ‘మార్చరాదు’ అని వ్రాసినంత మాత్రాన సమానత్వం రాదు. ఎంతవరకు కొలవాలో, ఏ పరికరంతో కొలవాలో కూడ వ్రాయాలి. ఆ గొడవ తరువాత క్లబ్బు ఆ కోతకు కొలతలు నిర్ణయించవలసి వచ్చినది. ప్రయోగశాలలో దోష పరిమితి చెప్పని కొలత కొలతే కాదని విద్యార్థులకు చెప్పే మాట ఇక్కడ డబ్బుగా, పరువుగా మారి కనిపిస్తున్నది.

ఇదే క్లబ్బు పెంచిన మరొక తరగతి దీనికి వేరే జవాబు చెప్పినది. 1984లో స్పోర్ట్స్ రెనోగా మొదలై, తరువాత ఫోర్డ్ ఇంజను అమర్చుకొని స్పెక్ రేసర్ ఫోర్డ్‌గా మారిన ఆ కారుకు ఇంజను మీద సీలు ఉంటుంది. యజమాని విప్పరాదు. న్యాయం దృష్ట్యా ఇది మియాటా కంటె ఒక మెట్టు పైనే ఉన్నదని ఒప్పుకోవాలి. పందెం కోసమే పుట్టిన బండి గనుక ప్రమాదంలో రక్షణ ఇచ్చే గొట్టాల చట్రం మొదటి నుంచే దానిలో భాగం. మియాటాకు ఆ పంజరాన్ని తరువాత వెల్డింగు చేయించాలి. అది చవకగా చేయించుకోదగిన పని కాదు. అయితే సీలు వేసిన ఇంజను మూసిన పుస్తకం వంటిది. సాయంత్రాలు చేతికి నూనె పూసుకొని కవాటాల సందు సరిచేసుకొనే ఆనందమూ, దానివల్ల అబ్బే జ్ఞానమూ అందులో లేవు. విడిభాగానికి తిరగవలసిన గుమ్మమూ ఒక్కటే. యంత్రం నేర్చుకోవాలనే కోరిక ఉన్నవానికి మియాటాయే తగినది. నడపడమొక్కటే కావాలన్నవానికి సీలు వేసినదే మేలు. ఈ రెండు కోరికల మధ్య తేల్చుకోకుండా కారు కొనేవారే ఎక్కువగా నష్టపోతారు.

మియాటా పక్షానే చివరకు తీర్పు చెప్పినా, ఎలా కొనాలన్న విషయంలో జాగ్రత్త కావాలి. చవకగా దొరికిన పాత కారును తెచ్చి, పంజరం, సీటు, పట్టీలు, సస్పెన్షన్, ఇంజను పని ఒక్కొక్కటే చేయించుకొంటూ పోతే, చివరికి ఖర్చు అప్పటికే పందేలాడుతున్న కారు ధర కంటె మించిపోతుంది. ఇంకొకరు డబ్బు పోసి సిద్ధం చేసి, విసిగి అమ్ముకొనే కారును, ఇంజను విప్పి కొలిపించిన తరువాత కొనడం తెలివైన పని. ఆ కొలిపించడం మరువరాదు. 2014 తరువాత అది అనుమానం కాదు, మామూలు మర్యాద.

ఒక విషయాన్ని మాత్రం తరగతి పెద్దలు ఇంకా తేల్చవలసి ఉన్నది. ఈ తరగతికి అర్హమైన కార్లలో ఆఖరివి 2005 నాటివి. చిన్నదానికే ఇరవై ఏళ్లు నిండినవి. పెద్దదానికి ముప్పయి అయిదు. తుప్పు పట్టినవీ, గోడకు కొట్టుకొన్నవీ పోగా మిగిలినవి ఏటేటా తగ్గుతున్నాయి. మంచి సిలిండర్ హెడ్ కోసం పాత ఇనుము కొట్లలో వెదికేవారు పెరిగినకొద్దీ, చవక అన్న గుణమే ముందుగా తరిగిపోతుంది. తరువాతి తరం మియాటా బరువైనది, ఇంజను పెద్దది. దానిని ఈ తరగతిలోనికి రానిస్తే మళ్లీ పలకా, తక్కెడా పట్టుకోవాలి. రానీయకపోతే కొత్తవానికి కొనడానికి కారే ఉండదు.